సముద్రానికి వీపు పెట్టి కూర్చున్న అక్క

కాదు చిన్నీ, అది లెక్కపెట్టడం కాదు. మొన్న నాసిక్ పెళ్లిలో హాలు బయట ఆటోలు ఎక్కే ముందు మీ అందరి భుజాలూ ఒక్కొక్కటిగా తట్టానని, "అమ్మమ్మ మమ్మల్ని మేకల్లాగ లెక్కపెడుతోంది" అని తమ్ముడు నవ్వాడు కదా, దాని గురించే అడుగుతున్నావు. లెక్కలు నాకెక్కడ వచ్చు తల్లీ. అది ఒకామె దగ్గర నుంచి నాకు అంటుకున్న అలవాటు. ఆమె ఎవరంటే మాత్రం పేరు చెప్పలేను. ఎందుకు చెప్పలేనో చెప్తాను, తమ్ముణ్ని కూడా పక్కన కూర్చోబెట్టుకో. మీ అమ్మ వింటే విననీ. తనకి ఇందులో కొంచెం తెలుసు, తెలిసినదాంట్లో చాలా మర్చిపోయింది.

అప్పుడు మేం బొంబాయిలో, కామాటిపురాలో ఒక చాల్‌లో ఉండేవాళ్లం. రెండో అంతస్తులో ఒక్క గది, ముందు అందరికీ కలిపి పొడుగాటి గ్యాలరీ, చివర అందరికీ ఒకటే నల్లా. మీ తాతయ్య వాళ్ల ముత్తాత పాలమూరు వైపు నుంచి ఆ ఊరికి బంగళాలు కట్టే పనికి వచ్చాడట. కట్టిన బంగళాల్లో వేరేవాళ్లున్నారు, మావాళ్లు ఆ గల్లీలో ఉండిపోయారు. మా గల్లీ అంతా తెలుగే. పక్క గల్లీ మాత్రం వేరు. అక్కడ తలుపుల్లో, కిటికీల్లో ఆడవాళ్లు నిలబడి ఉండేవాళ్లు. నువ్వు కాలేజీకి వెళ్లే పిల్లవి, విడమరిచి చెప్పక్కర్లేదు.

కూరగాయలకైనా, బస్సుకైనా ఆ గల్లీలోంచే మాకు దారి. అందుకని పెళ్లయి వచ్చిన కోడలికి అన్నిటికంటే ముందు నేర్పేది ఒకటుండేది. నాకు మా అత్త నేర్పింది. "కొంగు నిండ కప్పుకో. నీ కాలి బొటనేలు చూసుకుంట నడువు. తల లేపకు. సీదా పోయి మార్కెట్ల తేలుతవు." అంతే. ఆ గల్లీ నేల నాకు అరచెయ్యంత తెలుసు. ఎక్కడ గుంత ఉందో, ఎక్కడ నీళ్లు నిలుస్తాయో, ఏ మెట్టు పక్కన కుక్క పడుకుంటుందో, అన్నీ. తల పైన ఏముండేదో మాత్రం ఎన్నేళ్లయినా తెలియదు.

ఇంకొక అలవాటు కూడా ఉండేది. ఎవరైనా "ఎక్కడుంటారు" అంటే కామాటిపురా అనే మాట మా నోట్లోంచి వచ్చేది కాదు. పక్కనున్న స్టేషన్ పేరు చెప్పి గ్రాంట్ రోడ్ అనేవాళ్లం. బడిలో గ్రాంట్ రోడ్, పెళ్లి సంబంధాలవాళ్లకు గ్రాంట్ రోడ్. ఊరి నుంచి మూటలతో దిగినా టాక్సీని స్టేషన్ దగ్గరే ఆపించి, అక్కణ్నించి నెత్తిన పెట్టుకుని నడిచేవాళ్లం, డ్రైవరు ముందు కూడా పరువు పోకూడదని. మమ్మల్ని ఎవరూ అడగకూడదు కాబట్టి మేమూ ఎవర్నీ ఇల్లెక్కడని అడిగేవాళ్లం కాదు. అదే మాకు మర్యాద. మీకు ఇవాళ వింతగా ఉంటుంది.

ఆదివారం మధ్యాహ్నం మగవాళ్లు తిని పడుకుంటే, సాయంత్రం మేం ముగ్గురం చౌపాటీకి వెళ్లేవాళ్లం. నేను, పక్క గది యాదమ్మ, కింది అంతస్తు సత్తెవ్వ వదిన. పిల్లల్ని అత్తల దగ్గర వదిలేసి, జడలో పువ్వులు పెట్టుకుని, పక్క గల్లీ దాటేదాకా తలలు దించుకుని, మెయిన్ రోడ్డు ఎక్కగానే ఒక్కసారి నవ్వడం మొదలుపెట్టేవాళ్లం. ఎందుకు నవ్వేవాళ్లమో కూడా తెలియదు. గ్రాంట్ రోడ్ వంతెన మీద పట్టాలు దాటి, నానా చౌక్ మీదుగా నడుచుకుంటూ పోతే సముద్రం.

అక్కడే ఆమె కలిసింది. సత్తెవ్వ వదిన భేల్ పూరీ బండి అతనితో గొడవ పడుతోంది. వదిన గొడవ ఎప్పుడూ హిందీలో మొదలై, మరాఠీలోకి దిగి, తిట్లకు వచ్చేసరికి తెలుగులోకి వచ్చేసేది.

"తీఖా కమ్ బోలా నా భయ్యా! నీ చేతులిరగ, ఇంత కారమా? మనుషులు తినేదేనారా ఇది?"

వెనక నుంచి ఎవరో అన్నారు. "ఆనికి తెలుగు రాదు గదనే, మంచి తిట్టు దండగైతున్నది. ఇంకింత నిమ్మకాయ పిండమను, కారం ఇరుగుతది."

తిరిగి చూస్తే సన్నగా, పొడుగ్గా, మాకంటే కొంచెం పెద్దది. ఆకుపచ్చ చీర. దాని అంచు ఆ చీరది కాదు, వేరే చీరది కోసి కుట్టుకుంది. నూనె రాసి బిగించిన ముడి. ఒక చెవి తమ్మె చీలి ఉంది, కమ్మలు లేవు. చెప్పులు చేత్తో పట్టుకుని ఇసకలో నిలబడి ఉంది.

తెలుగువాళ్లు కొత్తచోట కలిస్తే మొదటి మాట "ఏ ఊరు మీది" కదా. ఆమె అడగలేదు. ఇల్లెక్కడనీ, మా ఆయన ఏం చేస్తాడనీ అడగలేదు. మా ముగ్గురికీ గుండెల మీద నుంచి బరువు దించినట్టయింది. ఆమె మమ్మల్ని అడగలేదు, మేం ఆమెను అడగలేదు. ఆ సాయంత్రానికే నలుగురమయ్యాం.

ఆ తర్వాత ప్రతి ఆదివారం మేం వెళ్లేసరికి ఆమె ఇసకలో కూర్చుని ఉండేది. ఎలా కూర్చునేదంటే, సముద్రానికి వీపు పెట్టి, మొహం రోడ్డు వైపు పెట్టి. బొంబాయి అంతా వచ్చి నీళ్ల వైపు చూస్తుంటే ఆమె ఒక్కతే మనుషుల వైపు, బస్సుల వైపు చూసేది.

"గిదేం కూసునుడు అక్కా? సముద్రం గటున్నది" అనేది యాదమ్మ.

"సముద్రం ఏడికి పోతదే? ఆడనే ఉంటది. రోడ్డు మీదికెల్లి పోయేటోళ్లే మల్ల కనిపించరు."

"ఎవరి కోసం చూస్తున్నవ్?"

"ఎవరొస్తె వాళ్ల కోసం."

కంకి తింటే వరస తప్పకుండా తినేది, ఒక గింజ కూడా వదలకుండా. నవ్వితే చీలిన చెవి మీద చెయ్యి పెట్టుకునేది, నోటి మీద కాదు. నీళ్లలో కాళ్లు ఎప్పుడూ పెట్టలేదు. స్టేషన్ దగ్గర టాకీసులో రెండు మూడు సినిమాలు చూశాం ఆమెతో. ఆఖరి రీలు మొదలవగానే లేచి బయటికి వెళ్లిపోయేది. మేం బయటికి వచ్చేసరికి మెట్ల మీద కూర్చుని ఉండేది.

"ఏందక్కా, హీరో బతికిండు. చూడకపోతివి!" అని సత్తెవ్వ వదిన కోప్పడితే,

"నేను చూడకున్నా బతికే ఉన్నడు గద. చచ్చిపోయినా, నేను చూడకుంటె నాకు బతికున్నట్టే" అంది.

ఒకసారి యాదమ్మ ఉండబట్టలేక అడిగేసింది. "ఇంతకు నీ పేరేందక్కా?"

"అక్కా అంటె పలుకుతున్న గద. ఇంకో పేరు పెట్టుకొని ఏం జేస్తవ్, నామకరణం జేస్తవా?"

సత్తెవ్వ వదిన యాదమ్మ తొడ మీద గిల్లింది. పేరు అడిగితే ఇంటిపేరు, ఇంటిపేరు అడిగితే ఇల్లు, ఇల్లు అడిగితే గల్లీ. ఆ దారిలో ఎవరమూ నడవదలుచుకోలేదు.

అన్నిటికంటే ఎక్కువ నవ్వుకున్నది విడిపోయే చోట. తిరిగొచ్చేటప్పుడు నలుగురం వంతెన దాకా కలిసే వచ్చేవాళ్లం. అక్కడ ఆగేది ఆమె. ఒక్కొక్కరి భుజం మీద చెయ్యి వేసి తట్టేది.

"ఉన్నోళ్లందరు ఉన్నరా?"

"ఉన్నోళ్లు ఉంటరు గాక ఏమైతరు? లేనోళ్ల సంగతి అడుగు" అనేది వదిన.

"లేనోళ్లు గూడ పలుకుతరు. పిలవాలె గంతే."

నవ్వేవాళ్లం. తర్వాత అసలు తమాషా. మేం ముందు వెళ్తే ఏ గల్లీలోకి తిరుగుతామో ఆమె చూస్తుంది. ఆమె ముందు వెళ్తే మేం చూస్తామని ఆమెకు ఉండేదేమో.

"నువ్వు పో అక్కా."

"మీరు పోండ్రి, పిల్లలు ఎదురు చూస్తుంటరు."

"నీకు రైలుకు ఆలస్యమైతది."

"రైళ్లకేం, మస్తున్నయి."

ఇట్లా నిలబడీ నిలబడీ కాళ్లు లాగేవి. చివరికి ఆమె స్టేషన్ మెట్ల వైపు వెళ్లేది. మేం కూరగాయల బండ్ల దగ్గర కొనకుండా వంకాయలు ఏరుతూ కాసేపు గడిపి, అప్పుడు ఇంటిదారి పట్టేవాళ్లం. రైలెక్కి దాదరో, ఇంకా అవతలో, ఏదో మంచి చోటికి వెళ్లిపోయిందనుకునేవాళ్లం.

ఒకసారి దాదర్‌లో తెలుగువాళ్ల సభ ఏదో ఉంటే, పాటలుంటాయని నలుగురం వెళ్లాం. ముందు వరసలో పట్టుచీరల ఆడవాళ్లు. అందులో ఒకావిడ మా మాట యాస విని వెనక్కి తిరిగి, ఎంతో నెమ్మదిగా, "మీరెక్కడుంటారండీ?" అంది.

"గ్రాంట్ రోడ్" అన్నాను.

"గ్రాంట్ రోడ్‌లో ఎక్కడ?"

నేను జడలో పువ్వులు సవరించుకున్నాను. యాదమ్మ కొంగు నములుతోంది. అక్క ముందుకు వంగి, "పట్టాల పక్కకే అమ్మా. రైలు పోతుంటె గిన్నెలన్ని గల్లుగల్లుమంటయి. మీరు ఎప్పుడన్న రాండ్రి, చాయ్ తాగుదురు. కాకుంటె రెండు చేతుల్తోని పట్టుకోవాలె, లేకుంటె చీర మీద ఒలుకుతది" అంది. ఆవిడ నవ్వి ముందుకు తిరిగిపోయింది. అక్క నా మోకాలి మీద ఒక్కసారి నొక్కి చెయ్యి తీసేసింది. నా వైపు చూడలేదు.

ఇంటికొచ్చాక చాలాసేపు ఆలోచించాను. మేం చెప్పేది అబద్ధమని తెలియకపోతే దాన్ని అంత చక్కగా ఎలా కాపాడింది? కానీ అడగలేదు. అడగకపోవడమే కదా మా అలవాటు. వానాకాలంలో ఒకరోజు వంతెన మీద, "మీ మెట్ల చెక్క ఒకటి ఊగుతున్నది. పిల్లనెత్తుకొని దిగేటప్పుడు జర పైలం" అంది. సరే అక్కా అన్నాను. సగం దూరం వచ్చాక గాని తట్టలేదు, మా మెట్ల సంగతి ఆమెకెలా తెలుసని. నేనే ఎప్పుడో చెప్పి ఉంటాననుకున్నాను.

ఇక మీ అమ్మ సంగతి. అప్పటికి తనకి నాలుగేళ్లు. ఆ ఆదివారం మా అత్త ధారావిలో ఉన్న వాళ్ల చెల్లెలి ఇంటికి వెళ్లింది. పిల్లను ఎవరి దగ్గరా వదల్లేక చంకన వేసుకుని చౌపాటీకి తీసుకెళ్లాను. దారిలోనే నిద్రపోయింది. నా భుజం మీద ఉన్న పిల్లను చూడగానే అక్క మొహంలో నవ్వు ఆగిపోయింది. ఎప్పుడూ లేనిది కొంగు తల మీదికి లాక్కుంది. పిల్లలంటే ప్రాణమన్నట్టు మాట్లాడే మనిషి, దగ్గరికి రాలేదు. కొంచెం ఎడంగా, ఎప్పటిలాగే రోడ్డు వైపు తిరిగి కూర్చుంది. తలనొప్పేమో అనుకున్నాం.

పిల్లను ఇసకలో కొంగు పరిచి పడుకోబెట్టాను. పొద్దు దిగుతోంది. నీళ్లలో ఎండ ఎర్రగా ఒక దారిలాగ పడి ఉంటే ముగ్గురం అటే చూస్తున్నాం. సత్తెవ్వ వదిన వాళ్ల ఆడబిడ్డ మీద ఏదో చెబుతోంది, మేం పొట్ట పట్టుకుని నవ్వుతున్నాం. పిల్ల ఎప్పుడు లేచిందో, బుడగలవాడి వెనక ఎప్పుడు నడిచిందో చూడలేదు. మా వెనక ఇసక చిందినట్టు చప్పుడైంది. తిరిగితే అక్క లేదు. చెప్పులు అక్కడే ఉన్నాయి. కొంగు జారిపోయి, ముడి విడిపోయి, ఆ పొడుగాటి మనిషి రోడ్డు వైపు పరిగెడుతోంది. బుడగలవాడు అప్పటికే అవతల ఉన్నాడు. మీ అమ్మ ఫుట్‌పాత్ దిగింది. టాక్సీ హారన్ ఒకటి ఆగకుండా మోగింది.

నా కాళ్లు కదల్లేదు. అది మాత్రం నిన్నటిలాగ గుర్తుంది.

టాక్సీ పోయింది. అక్క పిల్లను ఎత్తుకుని వస్తోంది. మోచేయి గీరుకుపోయి నెత్తురు కారుతోంది. నేను అప్పుడు పరిగెత్తి వెళ్లి లాక్కుంటే పిల్ల రాలేదు. ఏడవనూ లేదు. ఆమె మెడ చుట్టూ రెండు చేతులూ వేసి, నన్ను చూసి నవ్వుతోంది.

"అమ్మా, కిటికీ అక్క వచ్చింది!"

"ఏ కిటికీ?" అంది యాదమ్మ.

"పక్క గల్లీల కిటికీ. నేను రోజు చెయ్యి ఊపుత గద. అక్క గూడ ఊపుతది."

నేను తల దించుకుని నడిచేదాన్ని. నా చంకలో ఉన్న పిల్లకు తల దించుకోమని ఎవరూ చెప్పలేదు.

బస్సులు పోతున్నాయి. సత్తెవ్వ వదినే తేరుకుంది. పోయిన పరువును మళ్లీ తెచ్చి ఆమె చేతిలో పెట్టాలని, గబగబా అంది. "ఏ, ఊకో పిల్లా! ఈ అక్క మన దిక్కుది కాదు. మంచి ఇంటి ఆమె."

వదిన మంచికే అంది. ఆ మాట మా గురించి ఎవరైనా అని ఉంటే మేం చేతులెత్తి మొక్కేవాళ్లం. అక్క మాత్రం ఆ మాట వింటూ వదిన మొహం వైపు చూసిన చూపు నేను మర్చిపోలేను. కోపం కాదు. టాకీసులో ఆఖరి రీలు మొదలైనప్పుడు అలాగే చూసేది, లేచే ముందు.

పిల్ల కాళ్లకున్న ఇసక చేత్తో దులిపింది. నాకు అందించింది.

"పిల్ల కండ్లు మంచిగున్నయి. దిష్టి తియ్యి" అంది.

వంతెన దాకా కలిసే వచ్చాం. సత్తెవ్వ వదిన ఒక్కతే ఏదేదో మాట్లాడుతోంది. ఎప్పటి చోట అక్క ఆగింది. వదిన భుజం, యాదమ్మ భుజం, నా భుజం, ఆఖరికి పిల్ల భుజం.

"ఉన్నోళ్లందరు ఉన్నరా?"

"ఉన్నం!" అని మీ అమ్మ ఒక్కతే అరిచింది.

ఆ రోజు నువ్వు పో, మీరు పోండ్రి లేదు. స్టేషన్ మెట్ల వైపూ వెళ్లలేదు. నేరుగా మా దారిలోకే దిగింది. ఎటు వెళ్తుందో చూస్తే ఆమెకు చిన్నతనమవుతుందని మేం ముగ్గురం, ఎవరూ చెప్పకుండానే, వెనక్కి తిరిగి రైలు పట్టాల వైపు నిలబడ్డాం. మా వీపుల వెనక నుంచి వెళ్లిపోయింది. మీ అమ్మ నా భుజం మీద నుంచి చెయ్యి ఊపుతూనే ఉంది. ఆమె తిరిగి ఊపిందో లేదో నేనెలా చెప్పను?

మర్నాడు దిష్టి తీశాను. వచ్చే ఆదివారం ఆమెకు పిల్ల చేత్తో ఏదైనా ఇప్పించాలని, ఇంటికి పిలిచి అన్నం పెట్టాలని మనసులో అనుకున్నాను. ఇంటికి, అంటే మా గల్లీకి, మా మెట్లెక్కించి. ఆదివారం ఇసకలో ఆమె కూర్చునే చోట ఎవరో గుజరాతీ కుటుంబం కూర్చుని ఉంది. పై ఆదివారం కూడా రాలేదు. భేల్ కొన్నాం గాని తినబుద్ధి కాలేదు. వంతెన దగ్గరికి వచ్చేసరికి ముగ్గురికీ కాళ్లు వాటంతటవే ఆగాయి. భుజం తట్టేవాళ్లు లేరు. ఒకరి మొహం ఒకరం చూసుకోలేక ఊరికే నిలబడ్డాం.

"దాదరు దిక్కు ఇల్లు మారిండ్రేమో" అంది సత్తెవ్వ వదిన, ఆ మాట తనే నమ్మకుండా.

ఆ వారం మధ్యలో ఒక మధ్యాహ్నం, ఎవరికీ చెప్పకుండా, పిల్లను ఎత్తుకుని పక్క గల్లీలోకి వెళ్లాను. గుంత దాటాను, కుక్క దగ్గరికి వచ్చాను. "ఏ కిటికీ బిడ్డా?" అన్నాను. చిట్టి వేలు పైకి చూపించింది. పెళ్లయి వచ్చాక మొదటిసారి ఆ గల్లీలో తల ఎత్తాను.

ఏం లేదు తల్లీ. ఆకుపచ్చ రంగు ఊడిన చువ్వలు. ఆరేసిన బట్టలు. ఒక డబ్బాలో తులసి మొక్క. ఎవరో ఆడమనిషి తల దువ్వుకుంటోంది, అక్క కాదు. నన్ను చూసి దువ్వెన ఆపింది. నా బొట్టు చూసిందో, కట్టు చూసిందో, తెలుగులోనే అడిగింది.

"ఎవరు గావాలె చెల్లె?"

"ఈడ ఒక అక్క ఉంటది..."

"ఏం పేరు?"

పిల్లను ఇంకో చంకకు మార్చుకున్నాను.

"అక్కా అని పిలుస్తుంటిమి" అన్నాను.

"ఈడ అందరం అక్కలమే. ఆ మాటకు గల్లీల కిటికీలన్ని పలుకుతయి." కసురుకోలేదు, పాపం. నన్ను ఆదుకుందామనే చూసింది. "వండిపెట్టే ఆమెనా? బట్టలు కుట్టే ఆమెనా? మొన్న సామాన్లు సదురుకొని పోయిన ఆమెనా? జొరమొచ్చి దవాఖానల ఉన్న ఆమెనా? ఎట్లుంటది?"

"సముద్రం దిక్కు వీపు పెట్టి కూసుంటది" అన్నాను.

ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "సముద్రానికి ఎవరు తీస్కపోతరమ్మా మమ్ముల" అని మళ్లీ దువ్వుకోవడం మొదలుపెట్టింది.

వెనక్కి తిరిగాను. ఆ కిటికీ చూసే వైపు నేనూ చూశాను. రెండు ఇళ్ల మధ్య సందులోంచి మా చాల్ కనిపించింది. మా మెట్లు, ఊగే చెక్కతో సహా. మా గ్యాలరీ. నేను పొద్దున ఆరేసిన పిల్ల గౌను. ఆ కిటికీలో ఉన్నవాళ్లకు మేం నీళ్లు పట్టుకోవడం కనిపిస్తుంది, పోట్లాడుకోవడం కనిపిస్తుంది, ఆదివారం పువ్వులు పెట్టుకుని తయారవడం కనిపిస్తుంది. తల దించుకుని వాళ్ల కిందుగా నడిచిపోవడం కనిపిస్తుంది. అందుకే అక్క మాకంటే ముందు చౌపాటీ చేరి, మేం వచ్చే దారి వైపు మొహం పెట్టి కూర్చునేది. మేం గ్రాంట్ రోడ్ అంటే గ్రాంట్ రోడ్ అని తలూపేది.

ఆ తర్వాత రోజూ అటు వెళ్లేటప్పుడు తల ఎత్తే నడిచాను. మా అత్త తిట్టింది, నలుగురూ నాలుగు అన్నారు. ఆకుపచ్చ చీర మళ్లీ కనిపించలేదు. కొన్నాళ్లకు ఆ కిటికీకి రేకు కొట్టేశారు. తర్వాత మేం కల్యాణ్ వచ్చేశాం. సత్తెవ్వ వదిన పోయింది, యాదమ్మ ఊరికి వెళ్లిపోయింది. మీ అమ్మనడుగు, బుడగలు గుర్తున్నాయంటుంది, కిటికీ గుర్తులేదంటుంది.

ఇప్పటికీ ఎక్కడికైనా నలుగురం కలిసి వెళ్లి తిరిగొచ్చేటప్పుడు, ఎవరో ఒకరు తగ్గినట్టుంటుంది నాకు. వెనక్కి చూస్తే అందరూ ఉంటారు. అయినా ఉంటుంది. అందుకే మీ భుజాలు తడతాను. నువ్వు ఉన్నావు, తమ్ముడున్నాడు, మీ అమ్మ ఉంది, అందుకు ఆమే కదా కారణం. చెయ్యి ఊరికే ఉండదు, ఇంకొక భుజం కోసం గాల్లోకి పోతుంది.

లేనివాళ్లు కూడా పలుకుతారు, పిలవాలి అంతే, అంది కదా. పిలుద్దామనే చూస్తున్నాను ఇన్నేళ్లుగా. వంతెన మీద ఆ రోజు వెనక్కి తిరిగి నిలబడ్డప్పుడు నా నాలుక చివర ఉన్నదీ అదే, ఇవాళ నీతో మాట్లాడుతుంటే ఉన్నదీ అదే.

నిన్ను ఏమని పిలవాలె అక్కా?